బకెట్లో ఎడమకాలు

కడుపునొప్పి వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలన్న విషయంలో ఆ ఊళ్లో నాలుగు అభిప్రాయాలుండేవి. కారు క్లచ్‌కి జబ్బు చేస్తే మాత్రం ఒకటే అభిప్రాయం. మార్కెట్ వెనక రేకుల షెడ్డులో ఉండే మెకానిక్కు దగ్గరికే వెళ్లాలి. అతన్ని అందరూ క్లచ్ డాక్టరు అనేవాళ్లు. పనిలోకి దిగేముందు అతను ఎడమకాలి చెప్పు విప్పి, సీట్లో కూర్చుని, ఉత్త పాదంతో పెడల్‌ని మూడుసార్లు తొక్కి, కళ్లు మూసుకుని రోగం పేరు చెప్పేసేవాడు. ప్లేటు అరిగిందో, కేబుల్ సాగిందో, ఆయిల్ కారి ప్లేటు తడిసిందో ఆ పాదానికి తెలిసిపోయేది. పానాలూ సుత్తులూ తరవాత తీరిగ్గా వచ్చి, పాదం చెప్పిందే నిజమని ఒప్పుకునేవి.

అలాంటివాడి చేతిలో ఒకే కారు నాలుగు నెలల్లో మూడు క్లచ్ ప్లేట్లు మింగింది. పోనీ దారినపోయే వాళ్ల కారా అంటే అదీ కాదు. అత్తగారి కారు.

ఆవిడ ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగు బడి నడుపుతున్న మనిషి. ఊరందరికీ టీచరమ్మ. ఆ ఊళ్లో స్టీరింగు పట్టుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ చేత తిట్లు తిన్నవాడే. డాక్టరూ తిన్నాడు. పిల్లనిచ్చిన తరవాత కూడా ఆవిడ అతన్ని అల్లుడుగారూ అనలేదు, మీరూ అనలేదు. పాఠాలు నేర్చుకునే రోజుల్లో పిలిచినట్టే అబ్బాయ్ అనేది. అతనూ అత్తయ్యా అని పిలవడానికి నోరు తిరగక, టీచరమ్మా అనే పిలిచేవాడు.

ఆవిడ బడికి వేదవాక్కు ఒక్కటే. క్లచ్ మీద కాలు ఆనించకూడదు. గేరు మార్చేటప్పుడు తొక్కాలి, మార్చగానే తీసెయ్యాలి. బరువు కొంచెమే కదా అని కాలు అక్కడే ఉంచితే ప్లేటు గట్టిగా పట్టదు, పూర్తిగా వదలదు, మధ్యలో రాసుకుని రాసుకుని మాడిపోతుంది. దాన్నే హాఫ్ క్లచ్ అంటారు. ఈ సంగతి కారు తలుపుల మీద రాయించింది, అద్దం మీద అంటించింది. అయినా మనిషి కాలు కుదురుగా ఉండదు కనక ఒక ఉపాయం కనిపెట్టింది. పిల్లలు ఇసకలో ఆడుకునే ఎర్ర ప్లాస్టిక్ బకెట్ ఒకటి తెచ్చి, నేర్చుకునేవాళ్ల క్లచ్ పెడల్ పక్కన నేలకు స్క్రూలతో బిగించింది. గేరు పడగానే ఆవిడ "బకెట్" అంటుంది. ఎడమకాలు వెళ్లి బకెట్లో పడాలి. మళ్లీ గేరు మార్చేదాకా అది అక్కడే. అందుకే దానికి బకెట్ బడి అని పేరొచ్చింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు పదేళ్ల తరవాత సొంత కార్లలో కూడా గేరు మార్చగానే లేని బకెట్ కోసం కాలు పక్కకి ఎత్తేవాళ్లు. కొందరు మొహమాటపడకుండా బకెట్లే కొనుక్కున్నారు.

అంత నిష్ఠగల కారులో క్లచ్ మాడుతోంది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇది.

ఆ సోమవారం కారు షెడ్డుకి వచ్చేసరికి ఇంజన్ గోల పెడుతోందే గాని చక్రాలకి ఆ ఉత్సాహం అందడం లేదు. మాడిన వాసన రోడ్డు చివరిదాకా కొట్టింది. డాక్టరు హ్యాండ్ బ్రేకు బిగించి, నాలుగో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. ఒంట్లో బాగున్న కారైతే ఇంజన్ ఠక్కున ఆగిపోవాలి. ఇది ఆగలేదు సరికదా, హాయిగా తిరుగుతూ కూర్చుంది. అంటే ప్లేటు జారిపోతోంది. గేర్‌బాక్సు దించి చూస్తే ప్లేటు నల్లగా మాడి పల్చబడింది. ఎక్కడా ఆయిల్ చుక్క లేదు. కేబుల్‌కి ఉండాల్సినంత వదులు ఉంది. కాని పెడల్ తొక్కినప్పుడు మాత్రమే పనిచేసే బేరింగు, అయిదు వారాల కిందట బిగించిన కొత్త బేరింగు, పదేళ్లు చాకిరీ చేసినట్టు అరిగిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకోగానే అతనికి అర్థమైపోయింది. ఎవరిదో కాలు రోజంతా పెడల్ మీదే ఉంటోంది.

ఆ మాటే ఆవిడతో చెప్పబోయాడు. ఎవరిదో కాలు అన్నంతవరకే చెప్పగలిగాడు. తన కారులో కాళ్లన్నీ బకెట్లోనే ఉంటాయనీ, సామాన్లే నాసిరకం అయ్యుంటాయనీ ఆవిడ తేల్చేసింది. తరవాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. శుక్రవారం లైసెన్సు ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అయిదేళ్లకోసారి వచ్చే తనిఖీ. మార్కెట్ వంతెన ఎక్కే ఏటవాలు రోడ్డులో సగం దూరం పోయాక కారు ఆపించి, మళ్లీ కదిలించమంటాడు. అక్కడ క్లచ్ జారిందంటే బడికి అనుమతి రద్దు, బోర్డు పీకేయడమే.

"బడి పోతే నాకు పొద్దున్నే లేవడానికి కారణం ఉండదు అబ్బాయ్. అది గుర్తుపెట్టుకుని బిగించు" అంది.

డాక్టరు తలూపాడు. అత్తగారి ముందు అతను నోట్లో నాలుక లేనివాడు. దానికి కారణం కూడా కాలే.

పెళ్లయిన కొత్తలో మొదటిసారి అత్తగారింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పబోయాడు. అతనికి కుడికాలు కుర్చీ కిందికి మడిచి, ఎడమకాలు మడమ ఆనించి ముందుకు చాపి కూర్చోవడం అలవాటు. కూర అన్నాడో లేదో, బల్ల కింద అత్తగారి పాదం వచ్చి అతని ఎడమ పాదాన్ని మెత్తగా నొక్కింది. నోరు మూసుకోమన్న సైగ అనుకున్నాడు. మూసుకున్నాడు. అప్పటినుంచి ప్రతి బుధవారం, ప్రతి ఆదివారం భోజనానికి వెళ్లడం, ఏదో అనబోవడం, పాదం దిగడం, మాట మింగడం. షెడ్డుకి గులాబీ రంగు వద్దని చెప్పబోయాడు, పాదం దిగింది, ఆ షెడ్డు ఇప్పటికీ గులాబీ రంగులోనే ఉంది. వెన్ను నొప్పిగా ఉంది, ఆ మంచం వద్దని చెప్పబోయాడు, మంచం ఇంటికొచ్చింది. పదకొండేళ్లు అలా గడిచిపోయాయి. అల్లుడు నెమ్మదస్తుడని ఊళ్లో మంచి పేరు వచ్చింది. ఆ పేరుతో ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు.

కొత్త ప్లేటు, కొత్త బేరింగు వేసి, మంగళవారం పొద్దున అతనే వెనక సీట్లో కూర్చుని పాఠానికి బయల్దేరాడు. స్టీరింగు దగ్గర ఒక టైలరు. అతని మీద డాక్టరుకి మొదటినుంచీ అనుమానం ఉంది. ముప్పై ఏళ్లుగా కుట్టు మిషను తొక్కిన కాలు ఊరుకుంటుందా. టైలరు పక్కన టీచరమ్మ కూర్చుంది. నాలుగు నెలల కిందట ఆఫీసు వాళ్లు కొత్త ఆర్డరు వేసి, నేర్పేవాళ్ల వైపు బ్రేకుతో పాటు క్లచ్ కూడా ఉండి తీరాలన్నారు. ఆ రెండో క్లచ్ పెడల్ బిగించింది డాక్టరే. ఒకటి తొక్కితే రెండోదీ దిగుతుంది. ఆవిడ ఒళ్లో ఎప్పటిలాగే పెద్ద బ్యాగు, అది మోకాళ్ల కిందిదాకా వేలాడుతోంది.

టైలరు గేరు వేశాడు. ఆవిడ బకెట్ అంది. టైలరు కాలు బకెట్లో పడింది. డాక్టరు ముందుకు వంగి ఆ కాలినే కన్నార్పకుండా చూశాడు. పాపం, ఆ కాలు ఊరంతా తిరిగొచ్చేదాకా బకెట్లో దేవుడి గూట్లో దీపంలా కదలకుండా కూర్చుంది. అయినా వంతెన దాటేసరికి సన్నగా మాడు వాసన మొదలైంది. కాలేమో బకెట్లో ఉంది, క్లచ్ చూస్తే మాడుతోంది. డాక్టరు దిగి షెడ్డుకి నడుచుకుంటూ వచ్చాడు. తన పాదం మీద తనకే నమ్మకం పోయింది.

బుధవారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర ధైర్యం చేసి, టైలరు తప్పేమీ లేదని చెప్పబోయాడు. టైలరు అనగానే పాదం దిగింది.

అలవాటు ప్రకారం నోరు మూతపడింది. కాని అంతలో ఆ పాదానికి ఏదో తట్టింది. రెండు వేళ్ల లోతు. అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. సన్నటి వణుకు. పూర్తిగా తొక్కడం లేదు, పూర్తిగా వదలడమూ లేదు. ఆ బరువు పెడల్ మీద ఉంటే బేరింగు రోజంతా తిరుగుతూనే ఉంటుంది, ప్లేటు రోజంతా రాసుకుంటూనే ఉంటుంది. ఇది నోరు మూసుకోమన్న సైగ కానే కాదు. ఇది అచ్చమైన హాఫ్ క్లచ్.

అతను తలెత్తి చూశాడు. అత్తగారు అతని వంక చూడనే లేదు. కూతురితో కిటికీ పరదాల గురించి మాట్లాడుతోంది. అతను మాట్లాడకుండా కాలు అక్కడే ఉంచి కూర్చున్నాడు. కూతురు వేడి గిన్నె అందుకోబోయింది, పాదం దిగింది. వీధిలో ఎవడో హారన్ కొట్టాడు, పాదం దిగింది. గాలికి పరదా కదిలింది, దానికీ దిగింది. ఎక్కడ ఏది కదిలినా ఆ పాదం తనంతట తానే వెళ్లి తొక్కుతోంది. ఇరవై ఆరేళ్లు కొత్తవాళ్ల పక్కన కూర్చుని, ఎవడు ఎప్పుడు ఎవర్ని గుద్దేస్తాడో అని నేలని తొక్కీ తొక్కీ బతికిన పాదం అది. ఇన్నాళ్లూ దానికి నేలే దొరికింది గనక ఎవరికీ తెలియలేదు. నాలుగు నెలల కిందట దాని కిందికి ఒక నిజమైన పెడల్ వచ్చింది. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

అన్నం సగంలో వదిలేసి, భార్యని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పాడు. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"అదా, అమ్మ కాలు మా చిన్నప్పటినుంచీ అంతే. అందుకే మేమంతా కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని తింటాం. నాన్న ఉన్నన్నాళ్లూ కుర్చీలో బాసింపట్టు వేసుకునే తిన్నాడు. మీరు చూడలేదా?"

చూశాడు. ఆ ఇంటి మర్యాద అలాంటిది కాబోలనుకున్నాడు. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

"మీరు చాపి కూర్చుంటుంటే మీకది ఇష్టమేమో అనుకున్నాను" అంది భార్య. తరవాత గిన్నె కడుగుతూ, తలెత్తకుండా అంది. "అసలు మీరు మాట్లాడరనే అమ్మకి దిగులు. అల్లుడు పదకొండేళ్లలో నాతో ఒక్క మాట పూర్తిగా మాట్లాడలేదు, నేనంటే గిట్టదు కాబోలు అని ఎన్నిసార్లు కళ్లనీళ్లు పెట్టుకుందో మీకేం తెలుసు."

డాక్టరు పదకొండేళ్ల కోపం ఒకటి దాచిపెట్టుకుని ఉన్నాడు, దాన్నిప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తగారి మీద జాలి వేసింది, తన మీద తనకి సిగ్గేసింది, గులాబీ రంగు షెడ్డు గుర్తొచ్చి ఏడుపూ వచ్చింది. పైగా శుక్రవారానికి ఇంకా రెండు రోజులే ఉంది. ఇరవై ఆరేళ్లుగా ఊరందరికీ కాలు తియ్యండని చెప్పిన మనిషితో, ముందు మీ కాలు తియ్యండని ఎవరు చెబుతారు? చెప్పకపోతే బడి పోతుంది. చెబితే ఆ మనిషి ఏమైపోతుందో. పోకచెక్క అడకత్తెరలో పడిందంటే ఇదే.

గురువారం పొద్దున కారు పరీక్షించాలని చెప్పి, స్టీరింగు దగ్గర తనే కూర్చున్నాడు. ఆవిడ పక్క సీట్లో బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. మూడో గేరు వేసి, ఎడమకాలు బుద్ధిగా బకెట్లో పెట్టి, టీచరమ్మా అన్నాడు. బకెట్ పక్కనున్న అతని పెడల్ అతను తొక్కకుండానే రెండు వేళ్లు దిగింది. ఇంజన్ గొంతు పెంచింది. అతని నోరు మూతపడింది. రెండోసారి అన్నాడు, మళ్లీ అదే జరిగింది. మూడోసారి ఇలా కాదని నడిరోడ్డు మీద కారు ఆపి, ఇంజన్ ఆర్పేశాడు. కారు ఆగినా పెడల్ మాత్రం పైకి రాలేదు.

"టీచరమ్మా, మీ ఎడమకాలు ఎక్కడుంది?"

"నేల మీద" అందావిడ.

"ఒక్కసారి బ్యాగు తీసి చూడండి."

ఆవిడ బ్యాగు తీసింది. వంగి చూసింది. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి, కొట్టినప్పుడల్లా ఆ పాదం ఆవిడ కళ్లముందే ఇంకాస్త నొక్కుతోంది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఇంకెవరి విషయంలోనైనా నవ్వుకోవచ్చు గాని, ఆవిడ మొహం చూశాక ఎవరికీ నవ్వు రాదు. ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి, పక్కన పెట్టుకుంది. ఎప్పటినుంచి అని అడిగింది.

"కారులో నాలుగు నెలలు. బల్ల కింద పదకొండేళ్లు" అని, అతను మొదటిసారి ఆవిడకి ఒక సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఉప్పు తగ్గిన కూర దగ్గర్నుంచి నిన్నటి టైలరు దాకా అంతా చెప్పాడు. "నన్ను మాట్లాడొద్దంటున్నారనుకున్నాను టీచరమ్మా."

ఆవిడ బ్యాగు వెనక సీట్లో పడేసింది.

"నువ్వు మాట్లాడితే వినాలనే కదరా, వారానికి రెండుసార్లు భోజనానికి పిలిచేదాన్ని" అంది.

తరవాత కళ్లు తుడుచుకుని, టీచరమ్మ గొంతుతోనే, రేపు ఇన్‌స్పెక్టరుకి నిజం చెప్పేసి బోర్డు తనే దించేస్తానంది. తప్పు చేసినవాళ్లు నేర్పకూడదంది. పెడల్ పీకేద్దామంటే ఆర్డరు ఒప్పుకోదు, ఉంచితే కాలు ఒప్పుకోదు. ఇంకేం దారి ఉందంది. డాక్టరుకి ఇప్పుడు నోరు తెరుచుకుంది, ఇక మూతపడే రకంగా లేదు. కాలికి చెవులుండవు గనక దాన్ని తిట్టి లాభం లేదనీ, తొక్కడానికి ఏదో ఒకటి ఇస్తే పెడల్ జోలికి రాదనీ చెప్పి, కారు సరాసరి షెడ్డుకి తిప్పాడు.

ఆవిడ పెడల్ పక్కన కూడా ఒక ఎర్ర బకెట్ బిగించాడు. ఉత్త బకెట్లో ఆ కాలు మూడు నిమిషాలు కూడా ఉండలేదు, దొంగపిల్లిలా మెల్లగా బయటికొచ్చి పెడల్ ఎక్కేసింది. అందుకని బకెట్ అడుగున ఒక స్ప్రింగు పెట్టి, దాని మీద గుండ్రటి చెక్కముక్క వేశాడు. స్ప్రింగు గట్టిదైతే కాలు విసుక్కుని వచ్చేసింది. మెత్తదైతే నమ్మకం కుదరక వచ్చేసింది. దానికి కావలసిన బరువు ఎంతో ఏ కాటాకీ తెలియదు. డాక్టరు చెప్పు విప్పి, స్టూలు మీద కూర్చుని, ఎడమకాలు చాపి, ఒక్కసారి తొక్కమన్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ తొక్కింది. అతను కళ్లు మూసుకున్నాడు. తరవాత స్ప్రింగుల డబ్బా బోర్లించి, ఒక్కొక్కటే అరికాలితో నొక్కి చూస్తూ కూర్చున్నాడు. ఏడోది సరిపోయింది. పదకొండేళ్లు ఆ బరువు మోసిన పాదం లోకంలో అదొక్కటే గనక, ఆ స్ప్రింగుని ఇంకే మెకానిక్కూ ఏరగలిగేవాడు కాదు.

ఆవిడ బకెట్లో కాలు పెట్టింది. కాలు ఒకసారి నొక్కి చూసింది, మళ్లీ నొక్కింది, ఆ తరవాత కదల్లేదు. హ్యాండ్ బ్రేకు బిగించి, నాలుగో గేరులో వదిలి చూస్తే ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. కొత్త ప్లేటు కాస్త వాసన పట్టినా బతికే ఉంది.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. భారీ మనిషి, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. వెనక సీట్లో కూర్చుని ముందుకు తొంగి చూశాడు. టైలరు కాలు ఒక బకెట్లో, టీచరమ్మ కాలు ఇంకో బకెట్లో ఉన్నాయి. ఇవి దేనికని అడిగాడు. కాళ్లకి అని చెప్పింది టీచరమ్మ. ఆయన కాసేపు ఆలోచించి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. డాక్టరు వంతెన కింద నిలబడి చూస్తున్నాడు. కారు ఏటవాలు మధ్యకి పోయి ఆగింది. వెనక్కి జానెడు జారింది. అతని ఎడమకాలు చెప్పులోనే బిగుసుకుంది. టైలరు బకెట్లోంచి కాలు తీసి క్లచ్ తొక్కాడు, గేరు వేశాడు, వదిలాడు. రెండో బకెట్లో స్ప్రింగు ఎంత నలిగిందో గాని, కారు మాత్రం గోల లేకుండా, వాసన లేకుండా పైకెక్కి వంతెన మలుపు తిరిగింది.

అనుమతి కాగితంలో బ్రేకులు, అద్దాలు, లైట్ల వరసలో చివర ఇన్‌స్పెక్టరు సొంత చేత్తో ఒక గీత గీసి, బకెట్లు రెండు, మంచి స్థితిలో ఉన్నవి అని రాశాడు. ఆ కాగితాన్ని ఆవిడ ఫ్రేము కట్టించింది.

ఆదివారం భోజనానికి వెళ్లేసరికి బల్ల కింద మూడో బకెట్ ఉంది. అందులో కూడా డాక్టరు ఏరిన స్ప్రింగే. ఆవిడ ముందుగానే కాలు అందులో పెట్టుకుని కూర్చుంది. భార్య మాత్రం ఎందుకైనా మంచిదని కాళ్లు ముడుచుకుంది. డాక్టరు పాత చోటే ఎడమకాలు చాపాడు. కూర అన్నాడు. ఏమీ దిగలేదు.

ఇక మొదలుపెట్టాడు. కూరలో ఉప్పు, షెడ్డు రంగు, మంచం, వెన్ను నొప్పి, తొమ్మిదేళ్ల కిందట చెప్పాలనుకున్న జోకు, ఎనిమిదేళ్ల కిందట ఇవ్వాల్సిన సలహా, అవన్నీ వరసగా, ఏదీ వదలకుండా చెప్పుకొచ్చాడు. అన్నం చల్లారిపోయింది. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పాఠం అప్పజెప్పే పిల్లాణ్ని చూసినట్టు చూస్తూ అంతా వింది. గంటయింది. అతను ఆరో ఏడాది దాకా వచ్చి, ఒక గేర్‌బాక్సు కథ ఎత్తుకున్నాడు.

అప్పుడు బల్ల కింద బకెట్ చప్పుడైంది. ఆవిడ పాదం అందులోంచి బయటికొచ్చి, అతని పాదం మీదికెక్కి, నేలదాకా నొక్కింది. రెండు వేళ్ల లోతు కాదు, వణుకు లేదు, సగం సగం కాదు. ఆవిడ సూటిగా అతని కళ్లలోకే చూస్తోంది. ఇది అలవాటు కాదని ఊరందరి క్లచ్‌లూ చూసిన అతని పాదానికి వెంటనే తెలిసిపోయింది.

"ఇక తిను అబ్బాయ్. మిగతాది బుధవారం చెబుదువుగాని" అంది.

అతను మాట ఆపి, తినడం మొదలుపెట్టాడు. ఎడమకాలు మాత్రం వెనక్కి తీసుకోలేదు.